అల్ట్రాసౌండ్ రిపోర్టులకు రెడీమేడ్ టెంప్లేట్లు: పలాసలో వాడి చూశాక

రిపోర్టు టెంప్లేట్ల సాఫ్ట్‌వేర్ కొనవచ్చా అని సొంత స్కానింగ్ సెంటర్లున్న తోటి డాక్టర్లు తరచుగా అడుగుతున్నారు. నిస్సందేహంగా కొనండి. కాకపోతే దానిలో కంపెనీవారు ముందే నింపి పంపిన ‘నార్మల్’ వాక్యాలన్నీ చెరిపేసిన తర్వాతే మొదటి పేషెంటుకు వాడండి. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో కింద రాస్తాను.

నేను శ్రీకాకుళం జిల్లా పలాసలో చిన్న సెంటరు నడుపుతున్నాను. ఒక మెషీను, ఒక టైపిస్టు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి. ఏడాది చందా కట్టి వాడే సాఫ్ట్‌వేర్ ఇది. పొట్ట, కిడ్నీలు, గర్భాశయం, థైరాయిడ్, రొమ్ము, వృషణాలు, గర్భిణుల స్కాన్లు, రక్తప్రవాహం చూసే డాప్లర్, ఇలా ప్రతిదానికీ ఒక అచ్చు (టెంప్లేట్) ఉంటుంది. గడులు నింపితే రిపోర్టు తయారవుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. పరిచయస్తుల సెంటర్లలో వేరే కంపెనీలవి కూడా చూశాను, మంచీ చెడూ అన్నింటిలోనూ దాదాపు ఇవే.

ఇది రాకముందు చాలా సెంటర్లలో పని ఎలా జరిగేదో, ఇప్పటికీ ఎలా జరుగుతోందో అందరికీ తెలుసు. టైపిస్టు నిన్నటి పేషెంటు ఫైలు తెరిచి, పేరూ వయసూ మార్చి, డాక్టరు చెప్పిన చోట్ల అంకెలు దిద్ది ప్రింటు తీస్తాడు. దిద్దడం మరిచిన వాక్యం అలాగే ఉండిపోతుంది. ఆడమనిషి రిపోర్టులో ప్రోస్టేట్ కొలతలు, కుడి కిడ్నీలో రాయి ఉన్నవారికి చివరి సారాంశమైన ఇంప్రెషన్‌లో ‘ఎడమ’ అని రావడం ఇలాంటి పద్ధతిలోనే. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ బెడద పూర్తిగా పోయింది. రిసెప్షన్‌లో నమోదైన పేరు, వయసు, ఆడా మగా అన్నది నేరుగా రిపోర్టులోకి వస్తాయి. స్త్రీ అని ఉంటే ప్రోస్టేట్ గడే తెరుచుకోదు. కుడి ఎడమలు పైన ఒకటీ కింద ఒకటీ ఉంటే ప్రింటు ఇవ్వకుండా ఎర్రగీత చూపిస్తుంది. ఈ ఒక్క సదుపాయం కోసమే చందా కట్టినా నష్టం లేదంటాను.

అసలు మేలు మాత్రం కిడ్నీల దగ్గర చూశాను. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చే వాళ్లలో కిడ్నీ స్కానింగ్ కోసం వచ్చేవారే ఎక్కువ. షుగరు లేకుండా, బీపీ కూడా అంతగా లేకుండా కిడ్నీలు దెబ్బతినే ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బు ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ముదురుతుంది కనుక పాత రిపోర్టు పక్కన కొత్త రిపోర్టు పెట్టి చూడగలగడమే ఇక్కడ అన్నింటికంటే ముఖ్యం.

జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే ఒక ఆవిడ తన రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవరులో దాచుకుని తెచ్చింది. మూడు వేర్వేరు చోట్ల, మూడు వేర్వేరు సంవత్సరాల్లో చేయించినవి. మొదటిదానిలో ‘రెండు కిడ్నీలూ నార్మల్ సైజు’. రెండోదానిలోనూ అదే వాక్యం. మూడోదానిలో ‘కిడ్నీలు కొద్దిగా చిన్నవి’. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఈలోగా పెరుగుతూ వచ్చింది. మూడు రిపోర్టులు వెతికినా ఒక్క సెంటీమీటరు అంకె లేదు. కిడ్నీలు నిజంగా కుంచించుకుపోయాయా, లేక పుట్టుకతోనే కాస్త చిన్నవా అన్నది ఆ కవరు మొత్తం తిరగేసినా తేలదు. “మూడుసార్లు డబ్బు పెట్టాను కదా డాక్టరు గారూ, ఏమీ లేదా వాటిలో?” అని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. పొట్టకూటి కోసం పనిచేసే మనిషి కూలి మానుకుని, బస్సు ఎక్కి వచ్చి, డబ్బు కట్టి తీసుకెళ్లిన కాగితం రేపటికి పనికిరాకపోవడం అన్యాయం.

మా టెంప్లేట్‌లో కిడ్నీ పొడవు గడి ఖాళీగా ఉంటే రిపోర్టు ముగియదు. కుడి, ఎడమ, విడివిడిగా. పెద్దవాళ్లలో సాధారణంగా 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుంది, ఎడమది కాస్త పెద్దది. పొడవు తర్వాత కార్టెక్స్ (కిడ్నీ వెలుపలి పొర) మందం, ఆ తర్వాత కార్టెక్స్ తెలుపుదనం కాలేయంతో పోలిస్తే తక్కువా, సమానమా, ఎక్కువా అని మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. కార్టెక్స్‌కూ మెడుల్లాకూ (లోపలి భాగానికీ) మధ్య తేడా తెలుస్తోందా లేదా అన్నది చివరి గడి. మొత్తం నింపడానికి పట్టే సమయం నిమిషంలోపే. మరుసటి ఏడాది అదే మనిషి వస్తే పాత అంకెలు పక్కన బూడిద రంగులో కనిపిస్తాయి. పోయినసారి 9.4, ఈసారి 8.6. అర సెంటీమీటరు తేడా కొలిచే చేతిని బట్టి కూడా వస్తుంది కనుక తొందరపడకూడదు. కానీ రెండు కిడ్నీలూ తగ్గి, కార్టెక్స్ కూడా పలచబడి, తెల్లబడితే నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ వైద్యుడికి) నేను ఫోనులో ఏమీ వివరించనక్కర్లేదు. రిపోర్టు చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోతుంది.

ఇక చెడ్డ సంగతి. టెంప్లేట్ తెరవగానే ప్రతి అవయవం కిందా ఒక నార్మల్ వాక్యం సిద్ధంగా ఉంటుంది. కంపెనీ ప్రతినిధి దీన్నే గొప్ప సదుపాయంగా చూపిస్తారు. ‘జబ్బున్న చోట మాత్రం మార్చండి సార్, మిగతాదంతా రెడీ’ అంటారు. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే. టైపిస్టు పాత ఫైలు దిద్దడంలో ఉన్న చిక్కే ఇక్కడ యంత్రం చేతిలో పడింది. చూడని అవయవానికి కూడా చూసినట్టు సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

గాల్ బ్లాడర్ తీయించుకున్నవారికి ‘గాల్ బ్లాడర్ సక్రమంగా నిండి ఉంది, గోడ మందం సాధారణం, రాళ్లు లేవు’ అని వేరే చోట ఇచ్చిన రిపోర్టులు నా బల్ల మీదికి వచ్చాయి. పొట్ట మీద ల్యాపరోస్కోపీ మచ్చలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. గర్భాశయం విషయంలో ఇది మన రెండు రాష్ట్రాల్లో ఇంకా దారుణం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అంటే ఇంకా యాభై రాని ఆడవాళ్లలో పదకొండు నుంచి పదమూడు మందికి ఒకరు. అలాంటి చోట ‘గర్భాశయం సాధారణ పరిమాణంలో ఉంది’ అన్న వాక్యాన్ని ముందే అచ్చుగుద్ది ఉంచడం ఎంత పెద్ద పొరపాటో ఆలోచించండి. ముప్పై అయిదేళ్లకే ఆపరేషను చేయించుకున్న మనిషి ఆ రిపోర్టు పట్టుకుని, అసలు తనకు ఏమి తీశారో అని హడలిపోతుంది. రిపోర్టు తప్పని చెప్పినా ఆ అనుమానం ఆమెను అంత తేలిగ్గా వదలదు.

అందుకే మొదటి వారంలోనే టైపిస్టుతో కూర్చుని ప్రతి అచ్చులోనూ ఆ నార్మల్ వాక్యాలు తీయించాను. ఇప్పుడు అన్ని గడులూ ఖాళీగా తెరుచుకుంటాయి. ప్రతిదానికీ నాలుగు ఎంపికలు పెట్టించాను: సాధారణం, తేడా ఉంది, ఆపరేషనులో తీశారు, సరిగా కనిపించలేదు. ఆ నాలుగోది కంపెనీవారి అచ్చులో లేనే లేదు. ప్యాంక్రియాస్ తోక భాగం గ్యాసు వల్ల కనిపించని పేషెంట్లు రోజూ ఉంటారు. కనిపించనిదాన్ని కనిపించలేదని రాస్తేనే అవతల ఉన్న సర్జను అవసరమైతే సీటీకి పంపుతారు. నార్మల్ అని రాస్తే నొప్పి తగ్గకపోయినా అక్కడితో ఆగిపోతారు. ఈ మార్పులన్నీ సెట్టింగ్స్‌లో మనమే చేసుకోవచ్చు, అందుకు కంపెనీని మెచ్చుకోవాలి. అలా మార్చుకోనివ్వని సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

థైరాయిడ్ అచ్చుకు మాత్రం నా నుంచి పూర్తి మార్కులు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ప్రచురించిన టై-ర్యాడ్స్ పద్ధతిని (థైరాయిడ్ గడ్డకు పాయింట్లు వేసి క్యాన్సర్ అనుమానం ఎంతో అంచనా వేసేది) ఉన్నదున్నట్టు పెట్టారు. గడ్డ లోపల ఏముంది, ఎంత నల్లగా ఉంది, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువా, అంచు ఎలా ఉంది, తెల్లని చుక్కలున్నాయా అన్న అయిదు ప్రశ్నలకు జవాబిస్తే పాయింట్లు అదే కూడుతుంది. టెక్కలి నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. గొంతులో 3 సెంటీమీటర్ల గడ్డ. వేరే చోట ‘సూది పరీక్ష చేయించండి’ అని రాసిచ్చారు. ఆవిడకు అప్పటికే నిద్ర కరవైంది. చూస్తే కొంత నీరు, కొంత కండ కలిసిన గడ్డ, చుట్టూ ఉన్న థైరాయిడ్‌తో సమానమైన రంగు, నున్నటి అంచు, చుక్కలు లేవు. ఒకటీ ఒకటీ రెండు పాయింట్లు. అంటే టీఆర్-2, సైజు ఎంతున్నా సూది అక్కర్లేని తరగతి. అదే వారంలో వచ్చిన మరొకరి గడ్డ 1.8 సెంటీమీటర్లే. కానీ మొత్తం ఘనంగా, చుట్టూ ఉన్నదానికంటే నల్లగా ఉంది. రెండూ రెండూ నాలుగు, టీఆర్-4. ఈ తరగతిలో 1.5 సెంటీమీటర్లు దాటితే సూది పరీక్ష చేయాలి. పెద్ద గడ్డకు వద్దు, చిన్న గడ్డకు కావాలి అని చెప్పినప్పుడు పేషెంట్లు నమ్మరు. రిపోర్టులో అయిదు వరుసలూ వాటి పాయింట్లూ కనిపిస్తుంటే వేలు పెట్టి చూపించి చెప్పగలుగుతున్నాను. ఆ టీచరమ్మ తన పాయింట్లు తానే మళ్లీ ఒకసారి కూడుకుని, ఫోనులో ఫొటో తీసుకుని, తేలికపడిన మనసుతో వెళ్లారు.

రొమ్ము అచ్చు కూడా బాగుంది. బై-ర్యాడ్స్ తరగతి (రొమ్ములో కనిపించినదానిపై క్యాన్సర్ అనుమానం స్థాయి) ఎంచుకోకుండా ముగించనివ్వదు. మూడో తరగతి అయితే ఆరు నెలలకు మళ్లీ చూడాలన్న వాక్యం దానంతటదే వస్తుంది, తేదీతో సహా. వృషణాలు, మెడ రక్తనాళాల డాప్లర్ అచ్చులు ఫర్వాలేదు. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పడానికి ఏమీ లేదు.

గర్భిణుల స్కాన్ల దగ్గర జాగ్రత్త చాలా అవసరం. ఎదుగుదల స్కాన్ అచ్చులో తల కొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు వేయగానే యంత్రం సగటు వయసు లెక్కగట్టి, దాని నుంచి ఒక కాన్పు తేదీ తీసి, రిపోర్టు నెత్తిన పెద్ద అక్షరాల్లో ముద్రిస్తుంది. ప్రతి స్కాన్‌లోనూ కొత్త తేదీ! మొదటి మూడు నెలల్లో బిడ్డ పొడవును బట్టి నిర్ణయించిన తేదీని ఆ తర్వాత మార్చకూడదన్నది ప్రసూతి అల్ట్రాసౌండ్‌లో ఓనమాలు. మార్చితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదో వారం స్కాన్ ప్రకారం కాన్పు తేదీ మార్చి 10 అనుకోండి. ఆ లెక్కన ఇవాళ్టికి 32 వారాలు. కొలతలు మాత్రం 29 వారాల 3 రోజులకు సరిపోతున్నాయి. అచ్చు ఏమి రాస్తుంది? ‘29 వారాల 3 రోజులు, కాన్పు తేదీ మార్చి 28’ అని. చదివినవారికి అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ బిడ్డ ఎదుగుదల రెండున్నర వారాలు వెనకబడింది. వెంటనే బొడ్డుతాడు డాప్లర్ చూడాలి, ప్రసూతి డాక్టరుకు కబురు చేయాలి. తేదీ జరపడం వల్ల ఆ బిడ్డ ప్రమాదం కాగితం మీద మాయమైపోయింది. ఇంట్లోవాళ్లు మాత్రం “తేదీ వెనక్కి వెళ్లింది, ఇంకా టైముంది” అని నిశ్చింతగా ఇంటికెళతారు.

కంపెనీవారికి దీని గురించి రాశాను. ‘అందరూ తేదీ ఇలాగే కావాలంటారు సార్’ అన్నారు. చివరికి ఆ గడిని నేనే దాచేసి, మొదటి స్కాన్ తేదీ, ఆనాటి కొలత, దాని నుంచి వచ్చిన కాన్పు తేదీ మూడూ చేత్తో నింపేలా కొత్త గడులు పెట్టుకున్నాను. మొదటి స్కాన్ రిపోర్టు తీసుకురాని వారిని ఇంటికి ఫోను చేయించి ఫొటో తెప్పిస్తున్నాను. వాట్సాప్ పుణ్యమా అని అది ఇప్పుడు కష్టం కాదు. కాన్పు తేదీ స్థిరంగా ఉంటేనే ఎదుగుదల గ్రాఫుకు అర్థం ఉంటుంది. గ్రాఫు మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ చాలా చక్కగా గీస్తుంది. వరుసగా మూడు స్కాన్ల చుక్కలు ఒకే గీత మీద కనిపిస్తే అమ్మమ్మలకు కూడా అర్థమవుతుంది.

గర్భంలోని బిడ్డ మెడ వెనక నీటి కొలత (ఎన్‌టీ) అచ్చులో మంచి కట్టుబాటు ఉంది. బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య లేకపోతే ఆ గడి తెరుచుకోదు. తొందరపడి ముందే వచ్చినవారికి ఆ తెరే చూపించి మళ్లీ రమ్మంటున్నాను.

విదేశాల్లో తయారైన అచ్చులను తెచ్చి వాడేవారికి ఒక హెచ్చరిక. రేడియలాజికల్ సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికావారి రాడ్‌రిపోర్ట్ సేకరణలో వందల కొద్దీ టెంప్లేట్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక అవయవానికి ఏయే గడులు ఉండాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కిడ్నీ, థైరాయిడ్ అచ్చులు దిద్దుకున్నప్పుడు నేను అవి ముందు పెట్టుకునే కూర్చున్నాను. కానీ విదేశీ ప్రసూతి అచ్చుల్లో కొన్నింటిలో పిండం ఆడా మగా అన్న వరుస ఉంటుంది. మన 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం) కింద అది చెప్పడం నేరం. ఆ వరుసను ఖాళీగా వదిలేయడం చాలదు, పూర్తిగా తొలగించాలి. పిండం లింగాన్ని గుర్తించలేదు, ఎవరికీ చెప్పలేదు అన్న డాక్టరు ధ్రువీకరణ ఉండాలి. గర్భిణి స్కాన్‌కు ఆ చట్టం కింద నింపాల్సిన ఫారం ఎఫ్ వివరాలు నమోదు కావాలి. మేము వాడే సాఫ్ట్‌వేర్ రిసెప్షన్‌లో నమోదైన వివరాలతోనే ఫారం ఎఫ్ నింపి పెడుతుంది. ప్రతి నెలా అయిదో తేదీలోగా పంపాల్సిన నివేదికకు ఇది ఎంత ఊరటో సెంటరు నడిపేవారికే తెలుసు. ఆడపిల్లల ప్రాణాలకు సంబంధించిన కాగితం కనుక, నింపిన ప్రతి గడినీ సంతకానికి ముందు నేను చదువుతాను. యంత్రం నింపిందన్న జవాబు అధికారుల ముందు చెల్లదు, మనస్సాక్షి ముందు అసలే చెల్లదు.

ఫ్యాటీ లివర్ గడి గురించి ఒక మాట. గ్రేడ్ 1, 2, 3 అని మూడు ఎంపికలు పక్కపక్కనే ఉంటాయి, నొక్కడం మరీ సులువు. దాంతో కాలేయం కాస్త తెల్లగా కనిపించిన ప్రతివారికీ గ్రేడ్ 1 పడిపోతోంది. మెషీను గెయిన్ (చిత్రం వెలుగు) కొద్దిగా పెంచినా కాలేయం తెల్లగానే కనిపిస్తుంది. కుడి కిడ్నీని పక్కన పెట్టి పోల్చిన చిత్రం జత చేస్తేనే ఆ గడి తెరుచుకునేలా నేను మార్చుకున్నాను. కాలేయంలోకి రక్తం తెచ్చే పోర్టల్ సిర గోడలు మసకబారితే గ్రేడ్ 2, కాలేయం పైనున్న డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య కండర పొర) కూడా కనిపించకపోతే గ్రేడ్ 3 అని పక్కనే రాయించాను, కొత్తగా చేరే డాక్టర్లకు ఉపయోగపడుతుందని.

ఇంప్రెషన్ దగ్గర మాత్రం ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను నమ్మను. పైన నింపిన గడుల్లో తేడా ఉన్నవాటన్నింటినీ వరుసగా కింద పేర్చి దానికి ఇంప్రెషన్ అని పేరు పెడుతుంది. కిడ్నీలో 6 మిల్లీమీటర్ల సాదా సిస్టు (నీటి బుడగ), కాలేయంలో చిన్న హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ), యురేటర్‌లో (కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళంలో) రాయి అడ్డుపడి వాచిన కిడ్నీ, మూడూ ఒకే స్థాయిలో నిలబడతాయి. ఏది ఈ రాత్రికే చూడాల్సిందో, ఏది వదిలేయవచ్చో చెప్పేదే ఇంప్రెషన్. పేషెంటు ఎందుకు వచ్చాడో తెలిసిన మనిషి మాత్రమే అది రాయగలడు. ఆ మూడు నాలుగు వాక్యాలు నేనే టైపు చేస్తాను.

సమయం విషయానికొస్తే, మొదటి నెల రిపోర్టుకు పట్టే సమయం పెరిగింది. గడులు అలవాటయ్యాక పాత పద్ధతి కంటే కొంచెం తగ్గింది. మరీ గొప్పగా ఏమీ లేదు. టైపిస్టు ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. ఇప్పుడు పాత రిపోర్టులు వెతికి అంకెలు ఎక్కించే పని అతనిదే, నా లెక్కలో అది టైపింగు కంటే విలువైన పని. నెట్ లేకపోయినా రిపోర్టు తీయవచ్చు, నెట్ వచ్చాక సర్వరుకు చేరుతుంది. తుపాను రోజుల్లో మా దగ్గర ఈ సదుపాయం లేకపోతే సెంటరు మూసుకోవాల్సిందే. కస్టమర్ కేర్ ఫోను ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, కానీ అడిగిన మార్పు రావడానికి నెలలు పడుతుంది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. కాన్పు తేదీ గడి సరిచేసి, ముందే నింపిన నార్మల్ వాక్యాలు తీసేస్తే నాలుగున్నర. కొనేవారు ప్రదర్శన రోజున కంపెనీ ప్రతినిధిని మూడు అడగండి: ఖాళీగా తెరుచుకుంటుందా, ‘కనిపించలేదు’ అన్న ఎంపిక పెట్టుకోవచ్చా, సాఫ్ట్‌వేర్ మానేస్తే మన పేషెంట్ల పాత కొలతలు మనకు తిరిగి ఇస్తారా. మూడోదానికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఉద్దానంలో ఒక మనిషి పదేళ్ల కిడ్నీ కొలతలు ఏ కంపెనీ చందాతోనూ ముడిపడి ఉండకూడదు.